పైత్యరసం పైపుతో ఇంటికి వచ్చాక: బ్యాగు, ఫ్లషింగ్, డ్రెస్సింగ్, తిండి, ప్రయాణం

ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోపు గొట్టం పంపి చేసే పద్ధతి) చేసి లోపలి నుంచి స్టెంట్ వేయడం కుదరనప్పుడు, కాలేయంలో నిలిచిపోయిన పైత్యరసాన్ని చర్మం మీదుగా సన్నని పైపు వేసి బయటికి మళ్లిస్తారు. ఆస్పత్రి కాగితాల్లో దీని పేరు పీటీబీడీ. గాల్‌బ్లాడర్ క్యాన్సర్, పైత్యనాళ క్యాన్సర్, క్లోమం తలభాగంలో గడ్డ, నాళంలో ఇరుక్కున్న రాళ్లు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్లో నాళానికి తగిలిన దెబ్బ... కారణం ఏదైనా ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటే. పైపు కదలకూడదు, మూసుకుపోకూడదు, దాంట్లోంచి పోయే ఉప్పూ నీళ్లూ తిరిగి ఒంట్లోకి చేరాలి. మొదటి రెండూ ఆస్పత్రిలో చెప్పి పంపుతారు. మూడోది చాలాసార్లు ఎవరూ చెప్పరు. పైగా ఇంట్లోవాళ్లు కామెర్ల పథ్యమని ఉన్న ఉప్పు కూడా మాన్పిస్తారు. అందుకే ఆ సంగతికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాల్సినవి

పైపులు రెండు రకాలు. ఒకటి అడ్డంకికి పైనే ఆగిపోతుంది. అప్పుడు రసమంతా బ్యాగులోకే వస్తుంది. ఇది ఎక్స్‌టర్నల్ డ్రెయిన్. రెండోది అడ్డంకిని దాటి చిన్నపేగులోకి దిగుతుంది. అడ్డంకికి పైనా కిందా రంధ్రాలు ఉంటాయి కాబట్టి రసం కొంత పేగులోకి, కొంత బ్యాగులోకి వెళ్తుంది. ఇది ఇంటర్నల్-ఎక్స్‌టర్నల్ డ్రెయిన్. బయటి నుంచి చూస్తే రెంటికీ తేడా తెలియదు, కానీ తేడా చాలా పెద్దది. రెండో రకానికి కొన్నాళ్లయ్యాక డాక్టర్లే మూత పెట్టమంటారు. మొదటి రకానికి మూత పెడితే రసం పోయే దారే ఉండదు, చలిజ్వరం వచ్చేస్తుంది. పక్కింటివాళ్లకు మూత పెట్టారని మీరూ పెట్టేయకండి. మీ పైపు ఏ రకమో కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి.

దాంతోపాటు ఇవీ ఉండాలి: పైపు సైజు (సాధారణంగా 8 నుంచి 12 ఫ్రెంచ్, 10 ఫ్రెంచ్ అంటే సుమారు 3.3 మిల్లీమీటర్ల లావు), కుడివైపా ఎడమవైపా లేక రెండువైపులానా, ఫ్లష్ (సెలైన్ ఎక్కించి పైపును శుభ్రం చేయడం) చేయాలా, చేస్తే ఎన్ని మి.లీ., రోజుకు ఎన్నిసార్లు, తర్వాతి మార్పిడి తేదీ, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు. రెండు పైపులుంటే ఒక్కోదానికి ప్లాస్టర్ ముక్క అంటించి ‘కుడి’, ‘ఎడమ’ అని రాసుకోండి, లెక్కలు కూడా విడివిడిగా రాయండి.

ఇంటికి వచ్చిన రోజే ఒక పని చేయాలి. చర్మంలోంచి పైపు బయటికి వచ్చే చోట పర్మనెంట్ మార్కర్‌తో పైపు మీద చిన్న గీత గీయండి. చర్మం నుంచి పైపు చివరి బిరడా వరకు టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాసుకోండి. ఆ కొలత పెరిగిందంటే పైపు బయటికి జారిందన్నమాట. గీత లేకపోతే ఈ జారుడు కంటికి ఆనదు. రెండు మూడు సెంటీమీటర్లు జారినా పక్కనున్న రంధ్రాలు కాలేయం బయటికి వచ్చి, రసం కడుపులోనో చర్మం మీదో కారడం మొదలవుతుంది.

ఇంట్లో ఉంచుకోవాల్సిన సామాను

10 మి.లీ. సిరంజీలు, 0.9 శాతం నార్మల్ సెలైన్ 10 మి.లీ. ఆంప్యూల్స్, స్పిరిట్ స్వాబ్‌లు, స్టెరైల్ గాజ్, పారదర్శకమైన ఫిల్మ్ డ్రెస్సింగ్ లేదా మైక్రోపోర్, ఆస్పత్రిలో చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ లేదా బెటాడిన్ ద్రావణం, గ్లోవ్స్, ఒక లీటరు కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అదనంగా కనీసం రెండు బ్యాగులు. మందుల షాపులో పైత్యరసానికి వాడే బైల్ బ్యాగు దొరక్కపోతే మూత్రానికి వాడే యూరోబ్యాగు ఇస్తుంటారు. అది పనికొస్తుంది కానీ దాని ట్యూబు మీ పైపు చివర గట్టిగా అమరుతుందో లేదో కొనేముందే చూసుకోండి. వదులుగా ఉన్నదానికి ప్లాస్టర్ చుట్టి సరిపెడితే అక్కడ కారుతుంది, క్రిములు చేరేదీ అక్కడే. దానికి సరిపోయే కనెక్టరు ఆస్పత్రిలో అడిగి తెచ్చుకోండి.

బ్యాగు ఖాళీ చేయడం, కొలవడం

బ్యాగు ఎప్పుడూ పొట్టకంటే కిందనే ఉండాలి. సగం నిండగానే ఖాళీ చేయండి. నిండా నిండితే ఆ బరువు పైపును లాగుతుంది. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, బ్యాగు అడుగున ఉన్న కుళాయి తెరిచి జగ్గులోకి వంచండి. కుళాయి కొస జగ్గుకు తగలనివ్వకండి. మూసేశాక కొసను స్పిరిట్ స్వాబ్‌తో తుడవండి. రసాన్ని లెట్రిన్‌లో పోసి నీళ్లు కొట్టండి. బట్టలమీద పడితే వెంటనే చన్నీళ్లూ సబ్బుతో ఉతకండి. ఆరితే పచ్చ మరక వదలదు.

బ్యాగు మీద ఉండే గీతలను నమ్మొద్దు. బ్యాగు ముడతపడితే 50, 100 మి.లీ. తేడా చూపిస్తుంది. జగ్గులోనే కొలవండి. పొద్దున 6 గంటలకు మొదలుపెట్టి మర్నాడు 6 గంటల వరకు వచ్చినదంతా ఒకరోజు లెక్క. నోటుబుక్కులో ఆరు గడులు చాలు: రసం ఎన్ని మి.లీ., రంగు, జ్వరం, మూత్రం ఎంత, తాగిన ఓఆర్‌ఎస్, పొద్దుటి బరువు. ఫ్లష్ చేసిన సెలైన్ కూడా బ్యాగులోకే వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. రోజుకు రెండుసార్లు 10 మి.లీ. చొప్పున ఎక్కిస్తే 20 మి.లీ. తగ్గించి రాయాలి. ఓపీకి వెళ్లినప్పుడు ‘బాగానే వస్తోందండీ’ అనే మాటకంటే ఈ పుస్తకం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

రంగు బంగారు పసుపు నుంచి ముదురు ఆకుపచ్చ వరకు ఎలా ఉన్నా ఫర్వాలేదు. పైపు వేసిన మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం ఎర్రజీర ఉండొచ్చు. ఆ తర్వాత ఎర్రటి రక్తం, గడ్డలు వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మడ్డిగా, చీములా, కంపుకొడుతూ ఉంటే ఇన్‌ఫెక్షన్. పేగులోకి దిగిన పైపులో తాగిన పాలో, తిన్న తిండి తునకలో కనిపిస్తే పేగులోది వెనక్కి వస్తోందని అర్థం. రోజు లెక్క ఒక్కసారిగా లీటరున్నర దాటడానికి కూడా ఇదొక కారణం.

పోయిన ఉప్పునీళ్లను తిరిగి పోయడం

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. మామూలుగా అది పేగులోకి పోతుంది, అందులోని నీరూ లవణాలూ చాలావరకు మళ్లీ రక్తంలోకే చేరతాయి. బయటికి పైపు ఉన్నప్పుడు తిరిగిరావడం అనేది లేదు. రసంలో సోడియం ఇంచుమించు రక్తంలో ఉన్నంత గాఢంగా ఉంటుంది, బైకార్బనేటు కూడా పోతుంది. రోజుకు 800 మి.లీ. చొప్పున వారం పోతే ఐదున్నర లీటర్ల ఉప్పునీళ్లు ఒంట్లోంచి వెళ్లిపోయినట్టే. నీరసం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, మూత్రం తగ్గడం, ఆ తర్వాత బీపీ పడిపోయి కిడ్నీలు దెబ్బతినడం ఈ వరసలో జరుగుతాయి. ‘జబ్బుతో నీరసించిపోయాడు’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకునే మనిషికి చాలాసార్లు కావాల్సింది ఉప్పూ నీళ్లే.

మామూలు మనుషుల్లో మూత్రం రంగు చూసి నీళ్లు చాలాయో లేదో చెప్పొచ్చు. కామెర్లున్న మనిషిలో మూత్రం ఎలాగూ ముదురుగానే ఉంటుంది కాబట్టి రంగు పనికిరాదు, కొలవాల్సిందే. 24 గంటల్లో అర లీటరు కూడా రాకపోతే ఆరోజే ఫోన్ చేయండి.

ఎంత తాగాలి? ఎక్కువమందికి సరిపోయే పద్ధతి, నిన్న ఎంత రసం పోయిందో ఈరోజు అంత ఓఆర్‌ఎస్ తాగడం, అదీ మామూలుగా తాగే నీళ్లకు అదనంగా. ఇది మొదలుపెట్టేముందు మీ డాక్టరుతో ఒకమాట అనుకోండి. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, పొట్టలో నీరు చేరినవారికి లెక్క మారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్టు 20.5 గ్రాములు ఉంటుంది. దాన్ని సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి, మిగతా సగం మడిచి పెట్టడం వద్దు, పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల్లో తాగేయండి, మిగిలితే పారబోయండి. ఒక్క గుక్కలో తాగితే వికారం పెడుతుంది, గంటకు ఒక టీ గ్లాసు చొప్పున రోజంతా పంచుకోండి. షుగరు ఉన్నవాళ్లు గ్లూకోజు అని భయపడి మానేస్తుంటారు. లీటరులో ఉండేది 13.5 గ్రాములే. షుగరు చెక్ చేసుకుంటూ తాగొచ్చు.

షాపులో పళ్లరసం రుచులతో టెట్రాప్యాకుల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. పేరు మారినా సరుకు షాపుల్లో ఉంటుంది. డబ్బా ముందు చూడకండి, వెనక ఉన్న కూర్పు చదవండి.

ఓఆర్‌ఎస్ రుచి మొహం మొత్తితే కొంత భాగాన్ని ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఉప్పేసిన గంజి, చారుతో సర్దుకోవచ్చు. కొబ్బరినీళ్లు దీనికి బదులు కావు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి అవి ప్రమాదం కూడా. రోహిణీకార్తె ఎండల్లో చెమటతో పోయేది దీనికి తోడవుతుంది, అప్పుడు నిన్నటి లెక్క సరిపోదు. వాంతులతో తాగింది నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు. సెలైన్ ఎక్కించాలి.

ఫ్లష్ చేయడం

మీకు చేయమని రాసిస్తేనే ఇది. సాధారణంగా 5 నుంచి 10 మి.లీ. సెలైన్, రోజుకు ఒకటి రెండుసార్లు. ముందు త్రీవే (పైపుకూ బ్యాగుకూ మధ్య ఉండే మూడు దారుల కుళాయి) పిడి సంగతి తేల్చుకోండి. కొన్ని కంపెనీల పిడి పొడుగు కొస మూసి ఉన్న దారిని చూపిస్తుంది, కొన్నిటిలో తెరిచి ఉన్న దారిని. నర్సు చేత తిప్పించి చూసి, ‘బ్యాగుకు పోయేటప్పుడు ఇలా ఉండాలి’ అని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

1. చేతులు కడుక్కోండి. ఆంప్యూల్‌లోంచి సిరంజీలోకి సెలైన్ తీసుకుని, బుడగలు బయటికి తట్టేయండి. సూది తీసేయండి.
2. త్రీవేకి ఉన్న చిన్న మూత తీసి, ఆ నోటిని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్దండి. ఆరనివ్వండి.
3. సిరంజీ తిప్పి బిగించండి. బ్యాగు దారి మూసుకుని, సిరంజీ నుంచి ఒంట్లోకి దారి తెరుచుకునేలా పిడి తిప్పండి.
4. నెమ్మదిగా ఎక్కించండి. 10 మి.లీ.కి అర నిమిషమైనా పట్టాలి. కొంచెం చల్లగా, బిగువుగా అనిపించవచ్చు. నొప్పి వచ్చినా, అడ్డు తగిలినా అక్కడే ఆపేయండి.
5. పిస్టన్ వెనక్కి లాగొద్దు.
6. పిడిని మళ్లీ బ్యాగు వైపు దారి తెరుచుకునేలా తిప్పి, సిరంజీ తీసేసి, కొత్త మూత పెట్టండి. ట్యూబులో రసం కదులుతోందో లేదో రెండు నిమిషాలు చూడండి.

ఐదో మెట్టులోనే ఎక్కువమంది తప్పుతారు. లోపల ఏమైనా అడ్డుందేమో లాగి చూద్దామనిపిస్తుంది. లాగితే పేగులోని క్రిములూ తుక్కూ పైత్యనాళాల్లోకి వస్తాయి. సిరంజీ సైజు కూడా ముఖ్యమే. 2 మి.లీ. సిరంజీతో అదే బలంతో నొక్కితే ఒత్తిడి ఎంతో ఎక్కువ పుడుతుంది, ఇన్‌ఫెక్షన్ ఉన్న రసం రక్తంలోకి నెట్టుకుపోయి, కాసేపట్లో చలి వణుకు మొదలవుతుంది. 10 మి.లీ.ది తప్ప వేరేది వాడకండి. కాచిన నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ సెలైన్‌కు బదులు కావు. 100 మి.లీ. సెలైన్ సీసా తెరిచి వారంపాటు వాడటం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. తెరిచిన సీసా క్రిములకు ఇల్లు. ఆంప్యూల్‌కు రెండు రూపాయలు ఎక్కువైనా అదే కొనండి.

ఆరో మెట్టు మరిచిపోవడం ఇంకో మామూలు పొరపాటు. పిడి మూసి వదిలేస్తే రాత్రంతా రసం నిలిచిపోతుంది. ఫ్లష్ చేసిన గంటకు బ్యాగు ఒకసారి చూసే అలవాటు పెట్టుకోండి.

డ్రెస్సింగ్ మార్చడం

గాజ్ డ్రెస్సింగ్ రెండు మూడు రోజులకు, ఫిల్మ్ డ్రెస్సింగ్ వారానికి ఒకసారి. తడిసినా, ఊడినా, మురికైనా అప్పటికప్పుడే. ఇద్దరుంటే మేలు. ఒకరు పైపు పట్టుకోవాలి, ఒకరు డ్రెస్సింగ్ చేయాలి. కత్తెర మంచం దరిదాపుల్లోకి రానివ్వకండి. ప్లాస్టర్‌తోపాటు పైపో, కుట్టుదారమో తెగిపోతుంది. కావాల్సిన గాజ్ ముక్కలు ముందే వై ఆకారంలో చీరినవి కొనుక్కోండి.

పాత ప్లాస్టర్‌ను అంచుల నుంచి పైపు వైపుగా ఊడదీయండి. పైపు నుంచి బయటికి లాగితే పైపు కూడా వెంట వస్తుంది. ఊడకపోతే తడిపి మెత్తబరచండి. పైపు మీది గీత చర్మం దగ్గరే ఉందో లేదో, కుట్టు బిగువుగా ఉందో లేదో చూడండి. పట్టుదారం కుట్లు కొన్ని వారాలకు చర్మాన్ని కోసుకుంటూ వదులవడం మామూలే. తెగితే పైపును ప్లాస్టర్‌తో అక్కడికక్కడే గట్టిగా అంటించి కుట్టు వేయించుకోవడానికి వెళ్లండి.

చేతులు మళ్లీ కడుక్కుని, గ్లోవ్స్ వేసుకుని, మందులో తడిపిన గాజ్‌తో పైపు పక్క నుంచి బయటికి గుండ్రంగా తుడవండి. తుడిచిన గాజ్‌తో మళ్లీ లోపలికి రావద్దు. గాలికి పూర్తిగా ఆరనివ్వండి. బెటాడిన్‌కు రెండు నిమిషాలు పడుతుంది. నోటితో ఊదకండి. చీరిన గాజ్ పైపు కింద, మామూలు గాజ్ పైన పెట్టి అంటించండి.

తర్వాతి పని చాలామంది వదిలేస్తారు. డ్రెస్సింగ్‌కు నాలుగు వేళ్ల దూరంలో పైపును ఒక మెలిక తిప్పి, రెండో ప్లాస్టర్‌తో పొట్టకు అంటించండి. బ్యాగు ఎక్కడైనా చిక్కుకుంటే లాగుడు ఆ ప్లాస్టర్ మీద పడుతుంది, కుట్టు మీద పడదు. మెలిక పెద్దదిగా ఉండాలి, మడత పడకూడదు.

పైపు చుట్టూ గింజంత ఎరుపు ఉండొచ్చు. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, వేడిగా ఉన్నా, చీము కనిపించినా చూపించుకోవాలి. రసం చర్మం మీద పడితే మంటపుట్టి పుండవుతుంది. జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయండి, ప్లాస్టర్ అంటే చోట మాత్రం రాయకండి.

స్నానం, బట్టలు, పడక, ప్రయాణం

మొదటి రెండు రోజులు తడిగుడ్డతో తుడవడమే. ఆ తర్వాత చెంబు స్నానం చక్కగా చేయొచ్చు. డ్రెస్సింగ్ మీద ప్లాస్టిక్ కవరు కప్పి నాలుగు అంచులూ ప్లాస్టర్ వేసి, నడుం కిందికి నీళ్లు పోసుకుని, పైన తుడుచుకోండి. తలస్నానానికి ముందుకు వంగి వేరొకరి చేత పోయించుకోండి. స్విమ్మింగ్ పూలు, చెరువు, కోనేరు, పుష్కర స్నానం పైపు ఉన్నన్నాళ్లూ లేవు. నీళ్లు నెత్తిన చల్లుకోండి చాలు.

కుడివైపు పైపు పక్కటెముకల మధ్య నుంచి వస్తుంది కాబట్టి బిగుతు జాకెట్టు, బ్రా పట్టీ సరిగ్గా దానిమీదే రాస్తాయి. ముందు గుండీలుండే వదులు చొక్కాలు, నైటీలు నయం. లంగా బొందు, లుంగీ ముడి పైపుకు నాలుగు వేళ్లు కిందికి కట్టండి. బ్యాగును చేత్తో పట్టుకు తిరగడం ఎక్కువసేపు నడవదు. పాత కాటన్ గుడ్డతో తాడు సంచీ కుట్టించి, భుజం మీదుగా అడ్డంగా తగిలించుకుంటే బ్యాగు తుంటి దగ్గర వేలాడుతుంది, పైన చొక్కానో చున్నీనో కప్పేస్తుంది. సంచీ అడుగున చిన్న చీలిక ఉంచితే కుళాయి అందుతుంది.

కింద చాప మీద పడుకుంటే బ్యాగు ఒంటికంటే కిందకు వెళ్లే వీలు లేదు. పైపు ఉన్నన్నాళ్లూ మంచం మీదే పడుకోండి. బ్యాగును మంచం పట్టీకి తగిలించండి. నేలమీద పెట్టొద్దు. అటూ ఇటూ దొర్లడానికి ట్యూబులో మూరెడు వదులు ఉంచండి. కుడిపక్క పైపు ఉంటే వెల్లకిలా లేదా ఎడమవైపు తిరిగి పడుకోవాలి. సేఫ్టీ పిన్ను ట్యూబుకు గుచ్చొద్దు, ప్లాస్టర్ రెక్కకు గుచ్చండి. తెల్లవారుజామున నిద్రమత్తులో బాత్రూముకు లేచేటప్పుడు బ్యాగు మంచానికి ఉందని మరిచిపోవడం పైపు ఊడే సందర్భాల్లో ఒకటి. చెప్పుల పక్కన చిన్న లైటు పెట్టండి.

ఐదు కిలోలు మించి ఎత్తకండి. నీళ్ల బిందె, గ్యాస్ బండ, మనవడిని చంకనెత్తుకోవడం ఈ లెక్కలోకే వస్తాయి. పిల్లల్ని పైపు లేని పక్క కూర్చోబెట్టుకోండి. నడక మంచిది, రోజూ నడవండి. దాంపత్య జీవితానికి పైపు అడ్డం కాదు. ఓపిక ఉంటే చాలు, బ్యాగు ఖాళీ చేసి, పైపును పొట్టకు గట్టిగా అంటించి, దానిమీద బరువు పడకుండా చూసుకోండి.

బండి వెనక కూర్చోవడం మానండి. కారు సీటు బెల్టు పైపు మీద పడితే మధ్యలో మెత్తటి తువ్వాలు పెట్టండి, బెల్టు మాత్రం మానొద్దు. రైల్లో లోయర్ బెర్తు అడిగి తీసుకోండి. ప్రయాణంలో చేతిసంచీలో ఒక బ్యాగు, గాజ్, ప్లాస్టర్, స్వాబ్‌లు, రెండు ఆంప్యూల్స్, సిరంజీ, ఓఆర్‌ఎస్, డిశ్చార్జి కాగితం ఫొటో ఉండాలి.

తిండి, పథ్యం, పసరు మందు

పైపు పెట్టింది నాళంలో అడ్డంకి వల్ల. ఏ ఆకు పసరూ ఆ అడ్డంకిని తీయలేదు. కామెర్లకు చేతిమీద వాతలు పెట్టించడం, కంట్లో పసరు పోయించడం వల్ల కొత్త ఇన్‌ఫెక్షన్ తప్ప ఒరిగేది లేదు. కళ్ల పసుపు నిదానంగా తగ్గడం చూసి కంగారుపడి అటు పరుగెత్తుతారు. ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తుకు అంటుకుని ఉంటుంది. ఆల్బుమిన్ సగానికి తగ్గడానికే సుమారు 20 రోజులు పడుతుంది కాబట్టి పైపు బాగా పనిచేస్తున్నా పసుపు వారాలు ఉంటుంది.

ఉప్పు లేని పథ్యం ఎందుకు ప్రమాదమో పైన చెప్పాం. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్ ఏవీ మానక్కర్లేదు. ఈ జబ్బులో మనిషి కండ కరిగిపోతుంది, మాంసకృత్తులు కావాలి. నూనె పూర్తిగా మానొద్దు, అలాగని వేపుళ్లన్నీ ఒకే పూట తినొద్దు. పేగులోకి పైత్యరసం పోనప్పుడు కొవ్వు అరగదు; మలం తెల్లగా, జిడ్డుగా, నీళ్లమీద తేలుతుంది. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినండి. మలం మళ్లీ పసుపురంగుకు వస్తే రసం పేగులోకి చేరుతోందని సంతోషించే గుర్తు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి. కె తగ్గితే రక్తం త్వరగా గడ్డకట్టదు. చిగుళ్లలోంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తే చెప్పండి.

కొన్ని ఆస్పత్రుల్లో బ్యాగులో వచ్చిన రసాన్నే తిరిగి తాగిస్తారు లేదా ముక్కు గొట్టం ద్వారా పేగులోకి పంపుతారు. దానికి రసం శుభ్రంగా ఉండాలి, డాక్టరు చెప్పాలి. సొంతంగా చేయొద్దు.

ఒళ్లంతా దురదకు గోళ్లు కత్తిరించుకుని, గోరువెచ్చటి నీళ్ల స్నానం తర్వాత కొబ్బరినూనె రాయండి. తగ్గకపోతే మందులున్నాయి, అడగండి. నొప్పికి, జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షను చేయించుకోవద్దు. నీళ్లు తగ్గిన ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది. పారాసెటమాల్ కూడా కాలేయం దెబ్బతిన్నవారికి సాధారణంగా రోజుకు 2 గ్రాములు దాటనివ్వరు. మాత్ర వేసేముందు జ్వరం చూసి రాయండి.

ఏదైనా తేడా వస్తే

రసం రావడం ఆగితే బ్యాగు దగ్గర మొదలుపెట్టి పైకి వెతకండి. బ్యాగు నిండిందా, ఎత్తులో ఉందా, ట్యూబు మడతపడిందా, ఒంటికింద నలిగిందా, త్రీవే మూసుందా, గీత జారిందా. అన్నీ బాగుంటే, మీకు నేర్పి ఉంటే ఒకసారి ఫ్లష్ చేయండి. అయినా రాకపోతే ఆరోజే ఫోన్ చేయండి. పేగులోకి దిగిన పైపులో మనిషి హుషారుగా ఉండి, మలం రంగు తిరుగుతూ, బ్యాగులో తగ్గితే అది మంచికే కావచ్చు. ఆగడంతోపాటు నొప్పో జ్వరమో ఉంటే మాత్రం వెంటనే వెళ్లాలి.

పైపు పక్కనుంచి కారుతుంటే గాజ్‌లు మార్చుకుంటూ రోజులు నెట్టొద్దు. పైపు మూసుకుపోవడమో, జారడమో దానికి కారణం. కారేది పల్చగా నీళ్లలా ఉంటే పొట్టలో చేరిన నీరు కావచ్చు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, చలి వణుకు వచ్చినా, మూత పెట్టి ఉంటే మొదట మూత తీసి బ్యాగు తగిలించండి. తర్వాత ఆస్పత్రికి బయల్దేరండి, తెల్లారేదాకా ఆగకండి. పైత్యనాళాల ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లోనే బీపీ పడగొడుతుంది. మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. ఆయాసం, ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు నొప్పి, మలం నల్లగా తారులా రావడం కూడా ఇదే వరసలోవి.

బ్యాగు ఊడిపోతే త్రీవే మూసి, రెండు కొసలూ స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యాగు తగిలించి, మళ్లీ తెరవండి. నేలమీద పడ్డ బ్యాగు కొసను కడిగి తగిలించొద్దు.

పైపు కొంత బయటికి వస్తే లోపలికి తోయొద్దు. ఉన్నచోటే అంటించి వెళ్లండి. పూర్తిగా ఊడొస్తే రంధ్రం మీద శుభ్రమైన గాజ్ మడిచి పెట్టి అంటించి, పైపును కవర్లో వేసుకుని అప్పటికప్పుడే బయల్దేరండి. చర్మం నుంచి కాలేయం దాకా ఏర్పడిన దారి తొందరగా పూడిపోతుంది. అది పూడకముందే చేరితే అదే దారిలో కొత్త పైపు వేసే అవకాశం ఉంటుంది. పూడితే మళ్లీ సూదితో కొత్తగా మొదలుపెట్టాలి. ఏమీ తినకుండా వెళ్లండి.

పైపు మార్పిడి

పైత్యరసంలోని మడ్డి పైపు లోపల పేరుకుంటుంది. అందుకే బాగానే వస్తున్నా 8 నుంచి 12 వారాలకు ఒకసారి మారుస్తారు. పాత పైపులోంచి సన్నని తీగ పంపి, దాని మీదుగా కొత్తది వేస్తారు. మొదటిసారి ఉన్నంత నొప్పి ఉండదు. ఎక్కువమంది ఆరోజే ఇంటికి వస్తారు. ముందురోజుల్లో రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తారు. రక్తం పల్చబడే మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే వారం ముందే చెప్పండి. వాటిని ఎన్నిరోజులు ఆపాలో గుండె డాక్టరుతో కలిపి నిర్ణయించాలి.

ప్రభుత్వ పథకంలో చేయించుకున్నవాళ్లు మార్పిడి కూడా దాంట్లో వస్తుందో లేదో మొదటి డిశ్చార్జి రోజే ఆరోగ్యమిత్రను అడిగి, అనుమతి కాగితాలకు రెండు వారాలు ముందే కదలండి. ఊరు దూరమైతే తేదీకి ఒకరోజు ముందు చేరుకోండి. వెళ్లేటప్పుడు నోటుబుక్కు, పాత స్కాన్ సీడీ, వాడే మందులు, ఒక కొత్త బ్యాగు పట్టుకెళ్లండి. కొత్త పైపు పెట్టాక కొత్త గీత గీసి, కొత్త కొలత రాసుకుని ఇంటికి రండి.